నాయన గడియారము

ఎల్లారెడ్డికి రైలుమార్గము లేదు. హైదరాబాదునకు రైలులో పోదలచినవారు బస్సుమీద కామారెడ్డికి వచ్చి, అచట బండి యెక్కవలెను. చదువుకొను దినములలో ఒక పరీక్షకై నేనును నాయనయు అట్లే బయలుదేరితిమి. నాయన జేబులో ఒక పాత గడియారముండెడిది. దానినే నమ్మి మేము స్టేషను చేరుసరికి బండి కదలిపోవుచుండెను. స్టేషను గడియారము పది నిమిషములు ముందున్నదని ఆయన వాదము. ఆయనదే వెనుకబడినదని నా వాదము.

"రెండును నిజమే చెప్పుచుండరాదా?" అని నాయన మెల్లగా ననెను.

నేను నలుగురి యెదుట పకపక నవ్వితిని. పరీక్ష పోయినది. నాయన మరల నా యెదుట ఆ గడియారమును తీయలేదు.

చాలకాలమునకు ఒక పుస్తకములో 1971వ సంవత్సరపు ప్రయోగమొకటి చదివితిని. హాఫెలె, కీటింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు సీసియము పరమాణు గడియారములతో ప్రయాణికుల విమానములెక్కిరి. గడియారములకును టికెట్లు కొనిరట! భూమిని ఒకమారు తూర్పుగా, ఒకమారు పడమరగా చుట్టివచ్చి, వాషింగ్టనులోని నౌకాదళ వేధశాల గడియారములతో సరిచూచిరి. తూర్పు ప్రయాణమున అవి సగటున 59 నానో సెకనులు వెనుకబడినవి. పడమటి ప్రయాణమున 273 నానో సెకనులు ముందునకు జరిగినవి. నానో సెకననగా సెకనులో నూరుకోట్లవ భాగము. ఐన్‌స్టీను సిద్ధాంతము చెప్పిన లెక్కయు ఇంచుమించుగా నదియే. వేగముగా పోవు గడియారము మెల్లగా నడచును. ఎత్తున నున్నది త్వరగా నడచును. తూర్పునకు పోవు విమానమునకు భూభ్రమణ వేగము తోడగును. పడమటికి పోవుదానికి ఆ వేగము తగ్గును. కావుననే ఫలితములు వేరయ్యెను. గడియారములలో దోషమేమియు లేదు.

2023 మే 29న శ్రీహరికోటనుండి పంపిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహములో మన దేశమున నిర్మించిన రుబీడియము గడియారము కలదు. దారిచూపు ఉపగ్రహములన్నిటికిని ఈ సవరణ తప్పదు. జీపీఎస్ ఉపగ్రహపు గడియారము దినమునకు సుమారు 38 మైక్రో సెకనులు ముందునకు పోవును. అంతలో కాంతి 11 కిలోమీటర్లు సాగును! సవరింపనిచో ఫోనులోని పటము కామారెడ్డి స్టేషనును ఏ పొలములలోనో చూపును.

ఇంతమాత్రమున నాయన వాదము గెలువదు. మా పది నిమిషములను మ్రింగినది స్ప్రింగే గాని సాపేక్షత గాదు. ఐనను ఆయన ప్రశ్న నవ్వదగినది గాదు. ఆ పుస్తకము చదివిన వారముననే నేను ఎల్లారెడ్డికి పోయితిని. నాయనకు అప్పటికే వినికిడి తగ్గినది. కాగితముమీద 59, 273 అని వ్రాసి, ప్రక్కన రెండు విమానములు గీచి చూపితిని. ఆయన చాలసేపు చూచెను. పిమ్మట లోనికి పోయి, ఆ గడియారమును తెచ్చి, కీ యిచ్చి, నా చెవియొద్ద నుంచెను.