పైన లారీలు... కింద పులులు!

హైదరాబాద్ నుంచి కారులో కాశీ వెళ్లేవారికి నాగ్‌పూర్ దాటాక మన్సర్ వస్తుంది. అక్కణ్నుంచి రోడ్డుకు అటూ ఇటూ టేకు అడవి చిక్కబడుతుంది. మోగ్లీ కథలు పుట్టిన సియోనీ కొండలు ఈ దారిలోనే ఉన్నాయంటే పిల్లలు కిటికీ వదలరు. కాసేపటికి కారు ఓ వంతెన ఎక్కుతుంది. కింద నది లేదు, రైలు పట్టాలూ లేవు. ఉన్నదల్లా అడవే! మరి వంతెన ఎవరికనుకున్నారు... పులులకీ జింకలకీ!

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి పెంచ్ దగ్గర పులులు తిరిగే దారికి అడ్డంగా పోతుంది. దాన్ని నాలుగు వరుసలు చేస్తామనేసరికి వన్యప్రాణి ప్రేమికులు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వివాదం నలిగింది. చివరికి రోడ్డునే పైకెత్తి కింద దారి వదిలారు. మహారాష్ట్ర వైపు అలాంటివి 9 ఉన్నాయి. వాటిలో పెద్దది 750 మీటర్లు. మధ్యప్రదేశ్ వైపు మరో 14. హారన్ల మోత, హెడ్‌లైట్ల వెలుగు అడవిలోకి పోకుండా అక్కడ గోడలూ కట్టారు.

జంతువుల కోసం ఇంత ఖర్చా అనిపించొచ్చు. ఆ లెక్క అమెరికాలో వేశారు. అక్కడ లైసెన్సుతో వేటాడొచ్చు. ఆ రుసుములే వన్యప్రాణి శాఖలకు ప్రధాన ఆదాయం. అందుకే ప్రతి జింకకూ ఓ ధర ఉంది. బండి మరమ్మతు, ఆసుపత్రి బిల్లు, కళేబరం తొలగింపు, వేటగాళ్లకు దక్కకుండా పోయిన జంతువు విలువ... అన్నీ కలిపితే జింకను గుద్దిన ప్రమాదానికి సగటున 6,617 డాలర్లు, మూస్ అనే భారీ దుప్పి అయితే 30,760 డాలర్లు నష్టమని 2009లో వెలువడిన అధ్యయనం తేల్చింది. కిలోమీటరుకి ఏడాదికి మూడు నాలుగు జింకలు బలయ్యే చోట కంచె వేసి, కింద దారి కట్టడమే చవకట!

మన దగ్గర 1972 నాటి చట్టంతో వేటకు తెరపడింది. జింకకు ధర లేదు కాబట్టి అది చచ్చినా ఏ పద్దులోనూ నష్టం రాయరు. కానీ పెంచ్‌లో సఫారీ జీపు నడిపేవారికీ, గైడుకీ, హోటల్లో వంటవాడికీ అన్నం పెడుతున్నది ఆ పులే కదా!

పెట్టిన డబ్బు వృథా కాలేదు. 2019 మార్చి నుంచి డిసెంబరు దాకా మహారాష్ట్ర వంతెనల కింద అమర్చిన కెమెరాలకు 18 రకాల అడవి జంతువులు చిక్కాయి. వాటిలో 11 పులులు 89 సార్లు అటూ ఇటూ తిరిగాయి.

మన శ్రీశైలం దారిలో వంతెనలు లేవు. అందుకే రాత్రి 9 దాటితే మన్ననూరు దగ్గర గేటు పడుతుంది. ఈసారి అక్కడ ఆగిపోతే విసుక్కోకండి. పెంచ్‌లో డబ్బుతో కట్టిన మూల్యాన్ని నల్లమలలో మనం కాస్త సమయంతో కడుతున్నామంతే!