రౌటర్‌లో ఐపీ ఫిల్టర్

ఏ పరికరం నెట్‌లో ఎక్కడికి పోవచ్చో, ఎక్కడ ఆగాలో రౌటర్‌కు చెప్పే నియమాల పట్టికే ఐపీ ఫిల్టర్. మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంబడే టీ-ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ కూడా వేసిన రాష్ట్రం తెలంగాణ. నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలోకీ ఫైబర్ వచ్చింది. రౌటర్ డబ్బా బిగించాక దాని సెట్టింగ్స్ తెరిచేవాళ్లే తక్కువ.

బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే (కొన్నింటికి 192.168.0.1) ఆ సెట్టింగ్స్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ సాధారణంగా డబ్బా అడుగున స్టిక్కర్ మీదే ఉంటుంది. దాన్ని మార్చకుండా ఫిల్టర్ పెట్టడం దండగ.

అసలు కిటుకు అడ్రసుల్లో ఉంది. రౌటర్ తనంతట తానే (డీహెచ్‌సీపీతో) ఇచ్చే ఐపీ అడ్రసు తాత్కాలికం: ఇవాళ పిల్లాడి ట్యాబ్‌కున్న 192.168.1.5 రేపు నాయిన ఫోనుకు రావచ్చు, అడ్డుకట్ట ఆయనకు పడుతుంది. అందుకే ముందు పరికరానికి సొంతంగా ఉండే మ్యాక్ అడ్రసును బట్టి ఐపీని రిజర్వ్ చేయాలి. అయితే ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నకిలీ మ్యాక్ చూపిస్తాయి. ఇంటి వైఫైకి ఆ సదుపాయం ఆపేయాలి.

నియమాలు మామూలుగా పైనుంచి కిందికి నడుస్తాయి, మొదట సరిపోయిందే చెల్లుతుంది. అనుమతించినవాళ్లనే వదిలే వైట్‌లిస్ట్‌లో సొంత కంప్యూటర్‌ను చేర్చకుండా సేవ్ నొక్కితే తలుపు బయటే నిలబడాలి. మళ్లీ లోపలికి రావడానికి రౌటర్‌ను రీసెట్ చేస్తే కనెక్షన్ లాగిన్ కూడా చెరిగిపోవచ్చు, అప్పుడు ఆపరేటర్ రావాల్సిందే.

యూట్యూబ్‌లాంటి వాటిని ఐపీతో ఆపడం కుదరని పని. వాటికి అడ్రసులు లెక్కలేనన్ని, మారుతుంటాయి కూడా. సైటు పేరును బట్టి ఆపే డీఎన్ఎస్ ఫిల్టర్ నయం. ఇంకో మాట: పైన చూసినలాంటి ఐపీవీ4 అడ్రసులకు రాసిన నియమం కొత్త తరహా ఐపీవీ6 అడ్రసులకు వర్తించదు, వాటికి వేరుగా రాయాలి.