నల్లబడిన వ్రేలు



మా సంఘములో వధూవరులు ఉంగరములు మార్చుకొనునప్పుడెల్ల నేను నా భార్య చేతివంక చూతును. ఇప్పుడు ఆ చేతికి ఉంగరము లేదు. దాని సంగతి వ్రాయుటకు నాకు నలువది యేండ్లకు పైగా పట్టినది.

1978 మే నెలలో మాకు వివాహమైనది. నేను అప్పుడు పల్లెటూరి బడిపంతులను. ఉంగరము అరకాసుకు తక్కువ కారాదని మామగారు చెప్పిరి. నాయొద్ద మా అమ్మ చెవికమ్మలు తప్ప మరేమియు లేవు. వాటిని కరిగించి తూచగా పావుకాసు కూడ తూగలేదు. తెనాలిలోని కంసాలి ఆచారిగారు గీటురాయి ప్రక్కన పెట్టి, "పంతులుగారూ, లోపల రాగి, నడుమ వెండికట్టు వేసి, పైన బంగారు రేకు తొడిగితే చూపుకు నిండుగా ఉంటుంది. కాని వ్రేలు నల్లబడుతుంది, రేకు అరుగుతుంది. అమ్మాయికి ముందే చెప్పండి" అనిరి. చెప్పెదనంటిని. చెప్పలేదు.

శ్రావణములో నాట్లు వచ్చినవి. నా భార్య రోజంతయు మడి బురదలో చేతులు పెట్టి పని చేసెను. పదిదినములలో ఉంగరము క్రింద నలుపును ఆకుపచ్చయు కలిసిన చార పడెను. ఆమె చింతపండుతోను బూడిదతోను చర్మము లేచిపోవునంతగా తోముకొనెను. ఇరుగుపొరుగు ముసలమ్మ యొకతె, "పెండ్లి ఉంగరమే వ్రేలిని మాడ్చిందంటే ఆ పిల్లలో ఏదో దోషముంది" అనెను. అది మొదలు ఆమె ఆ చేయి కొంగు చాటున దాచుకొనుచుండెను.

మామగారు కోపముతో నన్ను వెంటబెట్టుకొని తెనాలికి పోయి, కంసాలి మోసము చేసెనని నలుగురిలో కేకలు వేసిరి. ఆచారిగారు నావంక ఒక్కసారి చూచిరి. నేను నా చెప్పులవంక చూచితిని. ఆయన నా మాట బయటపెట్టలేదు. అప్పటినుండి మా ఊరివారు ఆయన అంగడికి పోవుట మానిరి.

వ్రేలు నల్లబడుటలో దోషమేమియు లేదు. చెమటలోని ఉప్పు, పులుపు రాగిని తినగా ఆకుపచ్చని మడ్డి పుట్టును. నీరు నిలిచిన బురదలోని గంధకము వెండిని నల్లబరచును. రెండు లోహములు ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో తడిసినయెడల తక్కువజాతి లోహము మరి త్వరగా చెడును. ఆ చార సబ్బుతో కడిగినచో పోవును. ఉంగరము తీసి చేయి కడిగి, తడి లేకుండ తుడిచి తొడుగుకొనిన చాలును. బూడిదతో తోమినచో పైరేకు అరుగును. అయితే దురదయు పొక్కులును లేచినయెడల అది వేరు సంగతి. ఉంగరములో కలిసిన నికెలు కొందరికి పడదు, లేక ఉంగరము క్రింద సబ్బు నిలిచి చర్మము పాసిపోవచ్చును. అప్పుడు ఉంగరము తీసివేసి వైద్యునికి చూపవలెను.

ఇదంతయు ఆనాడే నేను చెప్పియుండవచ్చును. సంస్కారపు ఆదివారము వచ్చినప్పుడు నేను చేయి చాపలేక బల్లయొద్దనుండి వెనుకకు వచ్చితిని. ఆ రాత్రి నా భార్యకు అంతయు చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "రాగి కలిపినందుకు నాకు బాధ లేదండీ. నాలో ఏదో దోషముందని రెండు నెలలుగా ఏడుస్తున్నాను. తెలిసి కూడా ఊరుకున్నారా?" అనెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.

మరునాడు మామగారితో చెప్పితిని. పిమ్మట మేమిద్దరమును తెనాలికి పోతిమి. నేను క్షమాపణ అడుగగా ఆచారిగారు, "నాతో చెప్పడం సరే. నా అంగడికి రావడం మానినవారికి చెప్పండి బాబూ" అనిరి. ఇంటింటికి తిరిగి చెప్పితిని. కొందరు ఆయనయొద్దకు మరల పోయిరి. కొందరు ఎన్నడును పోలేదు. ఆయనకు కలిగిన నష్టమును నేను పూర్తిగా తీర్చలేకపోతిని.

ఉంగరమునకు కొడవలిపిడి ఒరసికొనుచు, అరచేతివైపు రేకు మొదట అరిగెను. రాగి బయటపడెను. కొన్నియేండ్లకు మాటు విడి వెండికట్టు ఊడెను. అప్పుడు ఆమె దానిని తీసి పెట్టెలో దాచెను. క్రొత్తది చేయించెదనని ఎన్నిసార్లు అడిగినను, "అదే నా ఉంగరం, ఉండనివ్వండి" అనును.

యౌవనులారా, బంగారములో మరియొక లోహము కలుపుట తప్పు కాదు. 916 అని ముద్రపడిన 22 క్యారట్ల నగలోను వేయింటికి 916 పాళ్లే బంగారము. మిగిలినది రాగి, వెండి మొదలగునవి. మేలిమి బంగారము మెత్తన గనుక అవి దానికి గట్టిదనము నిచ్చును. మీ ఉంగరము సన్ననిదైనను, కలిపినదైనను సిగ్గుపడకుడి. అందులో ఏమి కలిసినదో తొడిగించుకొను ఆమెకు ముందుగా చెప్పుడి. నేను ఆనాడు ఆ ఒక్కమాట చెప్పియుంటే ఆమె ఏడ్చియుండదు, ఆచారిగారి అంగడి పాడుపడియుండదు.