నెత్తురు చెప్పిన మాట

చిన్నత్తగారు తుంటి విరిగి మంచం పట్టి, మరి లేవలేదు. ఆ భయంతోనే మా అత్తగారిని పరగడుపున ములకలపల్లిలో బస్సెక్కించి కొత్తగూడెం తీసుకెళ్లాను. అడవి దారి పొడుగునా సాధింపే! "ఎముకలు గుల్లయితే నెత్తురెందుకు తీస్తారే?"

ఎముక రోజూ కాస్త కరుగుతూ, కాస్త కట్టుకుంటూ ఉంటుంది. కరిగిన తునకలు రక్తంలో కలుస్తాయి. వాటిని కొలిచేదే సీటీఎక్స్ పరీక్ష. మందు పనిచేస్తోందో లేదో ఎముకల స్కానులో తేలాలంటే ఏడాదో రెండేళ్లో ఆగాలి. ఇందులో మూడు నుంచి ఆరు నెలల్లోనే జాడ తెలుస్తుంది. తింటే లెక్క మారుతుంది గనక పరగడుపు.

మూణ్ణెల్ల మందు తర్వాత కూడా లెక్క దిగలేదు. డాక్టరమ్మ మందు మార్చలేదు, "మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అంది.

"టీతో," అన్నారీవిడ దర్జాగా.

వారానికొక్క మాత్ర, గ్లాసుడు మంచినీళ్లతో, అరగంట నడుం వాల్చకుండా, ఏమీ తినకుండా తాగకుండా! ఆదివారం పొద్దున్న టీపొడి డబ్బా నా స్వాధీనంలోకి వచ్చింది. ఈమధ్య పరీక్షలో లెక్క సగానికి పడింది. అదంతా తాను టీ త్యాగం చేసిన ఫలమని ఊరంతా చెబుతున్నారు.