ఇంటి తిండి – ఇంటిల్లిపాది పని

తిరుపతి వీధుల్లో నేడు 'హోమ్ ఫుడ్స్' అన్న బోర్డులు తరచుగా కనిపిస్తున్నాయి. పచ్చళ్ళు, పొడులు, అరిసెలు, సున్నుండలు అద్దాల బీరువాల్లో వరుసగా పేర్చి ఉంటాయి. ఆ దుకాణాల వెనుక కష్టజీవులైన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారి సంపాదన ధర్మసమ్మతమైనది, గౌరవించదగినది. అయితే ఆ బోర్డు కంటబడినప్పుడల్లా నాకొక ఆలోచన కలుగుతుంది. 'ఇంట్లో చేసినది' అన్న మాట సైతం బజారులో కొనుక్కోవలసిన వస్తువుగా మారిందంటే, మన ఇళ్ళలో పొయ్యి దగ్గర గడిపే సమయం ఎంతగా కుంచించుకుపోయి ఉండాలి!

సమయం లేదన్నది సాకు కాదు, వాస్తవమే. మా కుటుంబాన్నే తీసుకోండి. నేను ఉదయం మద్రసాలోనూ, అస్ర్ నమాజు తరువాత మక్తబ్ పిల్లలతోనూ ఉంటాను. నా సహధర్మచారిణి ఇంటివద్దనే కుట్టుపని చేస్తుంది. పెద్ద కుమారుడు రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగి. కోడలు ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. చిన్నవాడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. మనవడికి ఎనిమిదేళ్ళు, మనవరాలికి ఆరేళ్ళు. వీరందరికీ పెద్ద దిక్కు ఎనభై దాటిన మా అమ్మీ. ఈ ఎనిమిది మందీ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే పూటలు వారానికి రెండో మూడో ఉంటాయి.

పిల్లలు బడి నుండి వచ్చే వేళకు ఇంట్లో ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. చెరొక పది రూపాయలు చేతిలో పెట్టి వీధి చివరి దుకాణానికి పంపడం అన్నిటికంటే సులువు. రోజుకు ఇరవై, నెలకు ఆరు వందలు. ఆ సొమ్ముకు లభించేది గాలి నింపిన పొట్లం, అందులో గుప్పెడు ఉప్పు కారం పూసిన పిండి. రాత్రి అన్నం వడ్డించేసరికి 'ఆకలి లేదు' అన్న జవాబు. ఇది ఒక్క మా ఇంటి కథ కాదని మక్తబ్‌కు వచ్చే పిల్లల జేబులు చూస్తే తెలుస్తుంది.

ఒక షరతు

ఆదివారం జుహ్ర్, అస్ర్ నమాజుల మధ్య ఒక గంట కేటాయించి, వారానికి సరిపడా చిరుతిండి ఇంట్లోనే చేసుకుందామన్న ప్రతిపాదన మా కోడలిది. అయితే ఆమె ఒక షరతు పెట్టింది. "అబ్బాజాన్, నేనొక్కదాన్నే చేయవలసి వస్తే మాత్రం వద్దు. అందరూ చేసేటట్లయితే సరే" అంది.

ఆ షరతు ఎంతో న్యాయమైనది. ఇంటి తిండి గొప్పతనాన్ని గురించి ఉపన్యసించడం తేలిక. ఆ ఉపన్యాసం ముగిశాక గరిటె ఎవరి చేతిలో ఉంటుందన్నదే ప్రశ్న. ఆరు రోజులు బడిలో నిలబడి పాఠాలు చెప్పిన స్త్రీకి ఏడవ రోజున మరొక పని తగిలించి, దానికి శుభం, శ్రేయం అని పేరు పెడితే అది శ్రేయం కాదు, భారం.

ఈ విషయంలో మన ధర్మశాస్త్ర పండితుల చర్చ గమనించదగినది. వంటావార్పూ భార్యపై చట్టబద్ధమైన విధి కాదని షాఫియీ, హంబలీ ఫిఖహ్ పండితులు అభిప్రాయపడ్డారు. హనఫీ పండితులు దానిని ధార్మిక, నైతిక బాధ్యతగా పరిగణించారే గాని, న్యాయమూర్తి బలవంతంగా చేయించదగిన పనిగా భావించలేదు. అంటే మన ఇళ్ళలో తల్లులూ భార్యలూ కోడళ్ళూ దశాబ్దాలుగా చేస్తున్న దానిలో చాలా భాగం వారి ఔదార్యమే. ఔదార్యాన్ని హక్కుగా వసూలు చేయడం తగదు.

ఇక దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఆయన ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. తిరగలి తిప్పి తిప్పి హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు కాయలు కాసిన సంగతీ హదీసు గ్రంథాలలో భద్రంగా ఉంది. సేవకుని కోరి వచ్చిన ఆమెకు నిద్రకు ముందు పఠించవలసిన తస్బీహ్‌ను ప్రవక్త (స) నేర్పారు. మనం ఆ తస్బీహ్‌ను గుర్తుంచుకున్నాం. మంచిదే. ఆ చేతుల కాయలను కూడా గుర్తుంచుకోవాలి. హదీసులో రెండూ ఉన్నాయి.

అలా షరతు అంగీకరించబడింది. ఎవరి పని వారికి నిర్ణయమైంది. సరుకు తేవడం, గింజలు ఏరడం నా వంతు. వేయించడం, దంచడం కుమారులిద్దరిది. షిఫ్టు ఉన్న వారం పెద్దవాడి పని నాకు వస్తుంది. పొట్టు తీయడం, లెక్కపెట్టి డబ్బాకెత్తడం పిల్లలది. గిన్నెలు కడగడం ఆ వారం పొయ్యి ముట్టని మగవాడిది. స్త్రీలు ఇష్టమైతే చేయి కలుపుతారు, లేదంటే కూర్చుని కబుర్లు చెబుతారు.

చెనక్కాయ ఉండలు

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట పొలాలు ఇచ్చే చెనక్కాయలు, చెరకు తోటలు ఇచ్చే బెల్లం – ఈ రెండింటికి మించిన చిరుతిండి వెతకనవసరం లేదు. నూరు గ్రాముల చెనక్కాయ గింజల్లో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి.

మా కొలత ఇది. అర కిలో గింజలు, 300 గ్రాముల బెల్లం, నాలుగు ఏలకులు, చిటికెడు శొంఠి పొడి. మొదటి పని ఏరడం. బూజు పట్టినవి, ముడతలు పడి నల్లబారినవి నిర్దాక్షిణ్యంగా పారేయాలి. బూజు వల్ల చెనక్కాయలో చేరే విషం కాలేయానికి హాని చేస్తుంది. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఏరిన గింజలను మందపాటి బాణలిలో సన్నని సెగ మీద కదుపుతూ వేయించాలి. పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతాయి. చల్లారాక అరచేతులతో నలిపి, చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. మా మనవడికి చేట పట్టడం ఇక్కడే వచ్చింది.

తీరిక లేని వారానికి ఒక పద్ధతి ఉంది. గింజలనూ తరిగిన బెల్లాన్నీ కలిపి రోట్లో దంచి, నూనె ఊరుతుండగా ఉండలు కట్టడమే. పాకం అక్కరలేదు, చేతులు కాలే భయమూ లేదు, పిల్లలే చుట్టగలరు. అయిదేళ్ళలోపు పిల్లలకు మాత్రం పలుకులు లేకుండా మెత్తగా దంచి ఇవ్వాలి. పలుకులు గొంతులో అడ్డుపడే ప్రమాదముంది.

తీరిక ఉన్న వారం పాకం పట్టవచ్చు. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుక పోయేటట్లు వడగట్టి, మళ్ళీ మరిగించాలి. పాకపు చుక్కను చల్లని నీటిలో వేస్తే కరిగిపోకుండా ఉండ కట్టాలి. అప్పుడు దించి, కచ్చాపచ్చాగా దంచిన గింజలు కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదనే పెద్దలు ఉండలు చుట్టాలి. ఒక్క నిమిషం ముందు దించితే ఉండ నిలవదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే పంటికి లొంగదు.

అమ్మీ చెవులు

ఆ ఒక్క నిమిషం మా ఇంట్లో మా అమ్మీకి మాత్రమే తెలుసు. శుక్లాల వల్ల ఆమె చూపు మందగించింది. కానీ పాకం పొంగే చప్పుడు విని, నీటిలోని ఉండను వేళ్ళ మధ్య నలిపి "ఇంకొక్క పొంగు రానివ్వండి" అంటుంది. ఆమె మాట తప్పడం నేను చూడలేదు.

కొన్నేళ్ళుగా మా ఇంట్లో అందరూ ఆమెను అడిగే ప్రశ్నలు రెండే: తిన్నారా, మందు వేసుకున్నారా. ఇందులో ప్రేమ ఉంది, లోపం లేదు. కానీ వృద్ధులకు తాము కేవలం సేవ పొందేవారమైపోయామన్న భావన ఎంత బరువైనదో ఆ వయసువారి మౌనం చెబుతుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం మనవరాలు ఆమె ముందు నీళ్ళ గిన్నె పెట్టి "దాదీ, దించమంటారా?" అని అడుగుతుంది. ఎనిమిది మంది ఉన్న ఇల్లు ఆమె జవాబు కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరితే విసుగు మాట కూడా పలకవద్దని బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. విసుక్కోకపోవడం ఆ ఆదేశంలో మొదటి మెట్టు. వారి వద్ద ఉన్న విద్యను మనం కోరి అడగడం దానికి పై మెట్టు అని నాకు తోస్తుంది.

గత చలికాలంలో అమ్మీ నెల రోజులు మంచం పట్టింది. పండుగకు ఆమె చేయించే ఖజూరాల కొలత ఎవరికీ రాదన్న సంగతి అప్పుడు బయటపడింది. గోధుమపిండి, రవ్వ, చక్కెర, నెయ్యి, కొబ్బరి, ఏలకులు అని అందరికీ తెలుసు, ఎంతెంత అన్నది తెలియదు. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకున్నాక చిన్నవాడు పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆమె లెక్క సోలలు, గిద్దలలో ఉంటుంది. సోలకు నాలుగు గిద్దలు. ఆమె చేత్తో పాత సోలతో కొలిపించి, ప్రతిదాన్నీ తూకం వేసి గ్రాములలో రాసుకున్నాడు. వంటకం పేరు కింద "దాదీ నుండి, ఆమె తన తల్లి నుండి" అని కూడా రాశాడు. హదీసు పాఠంలో ఇస్నాద్ గురించి రోజూ చెప్పే నాకు ఆ పంక్తి చదివి చాలా సంతోషం కలిగింది. ఎవరి నుండి నేర్చుకున్నామో చెప్పడం మన విద్యా సంప్రదాయానికి పునాది. అది వంటింటికీ వర్తిస్తుంది. చదువరులారా! మీ ఇంట్లో పెద్దవారుంటే ఈ వారమే ఒక పుస్తకం తెరవండి.

తీపి తీపే

ఇంట్లో చేశామన్న ధీమాతో హద్దు మరువరాదు. తినమనీ తాగమనీ అనుమతించిన చోటనే మితిమీరవద్దని కూడా అల్లాహ్ హెచ్చరించాడు (అల్ ఆరాఫ్ : 31). ప్రవక్త (స)కు తీపి వంటకమూ తేనే ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయితే ఆయన ఇంట్లో ఖర్జూరం, నీళ్ళతో గడిచిన రోజుల గురించి చెప్పినదీ ఆమే. మనం మొదటిదాన్ని మాత్రమే పట్టుకుంటే అది సున్నత్‌ను అనుసరించడం కాదు.

మనం రోజూ తీసుకునే శక్తిలో విడిగా కలిపిన చక్కెరల వాటా 10 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2000 కేలరీలు తినే పెద్దవారికి అది సుమారు 50 గ్రాములు, పిల్లలకు ఇంకా తక్కువ. బెల్లానికి మినహాయింపు లేదు. అందుకే మా డబ్బాకొక నియమం ఉంది. పిల్లలకు రోజుకు ఒక ఉండ, మధుమేహం ఉన్న నాకు వేయించిన గింజలు మాత్రమే. లెక్క మనవరాలి చేతిలో ఉంది. ఆమె లంచానికి లొంగదు.

వేసవి మామిడి

2025 వేసవిలో మన ప్రాంతపు తోతాపురి రైతు పడిన బాధ అందరికీ గుర్తుంది. ధర పడిపోగా, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున 12 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. కాయలను దారి పక్కన పారబోసిన దృశ్యాలూ చూశాం. మా ఇంట్లో పట్టే తాండ్ర ఆ రైతు కష్టాన్ని తీర్చదు. అయినా పరిచయమున్న రైతు వద్ద బేరమాడకుండా రెండు బుట్టలు కొని తెచ్చాం.

బాగా పండిన కాయలను పిండి, పీచు లేకుండా జల్లించి, కిలో గుజ్జుకు 200 గ్రాముల బెల్లం కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పలుచగా పరిచి, పైన సన్నని గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. ఒక పొర ఎండాక మరొక పొర. వారం రోజులు మన ఎండలు చేసే పని అది, మనం చేసేది పొద్దుటిపూట పది నిమిషాలే. కింద పడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమన్న ప్రవక్త (స) బోధనను నోటితో చెప్పడం వేరు. కుళ్ళబోయే పండు ఏడాది పొడవునా తినే తాండ్రగా మారడం పిల్లలు కళ్ళారా చూడడం వేరు.

పొరుగింటి వాటా

డబ్బా నిండాక మొదటి పళ్ళెం బయటికి వెళుతుంది. తన ఇంట్లో మేకను కోసినప్పుడు 'మన యూదు పొరుగువానికి పంపారా?' అని పదే పదే విచారించిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) వృత్తాంతం మనకు ఆదర్శం. మా పక్కింటివారు శాకాహారులు. అందుకే ఈ పనికి వాడే బాణలి, గరిటె, పళ్ళెం విడిగా ఉంచాం. మాంసం తగలని పాత్రలని వారికీ తెలుసు. ఇచ్చేవారి మనసుతో పాటు పుచ్చుకునేవారి నియమాన్ని కూడా గౌరవించినప్పుడే కానుక సంపూర్ణమవుతుంది. పళ్ళెం తీసుకువెళ్ళేది పిల్లలే. సలాము చేయవలసిన చోట సలాము, నమస్కారం అనే చోట చిరునవ్వుతో పలకరింపు వారికి అలవడుతున్నాయి.

ప్రియ సోదర సోదరీమణులారా! వారానికి 168 గంటలు అల్లాహ్ మనకు ప్రసాదిస్తున్నాడు. అందులో ఒక్క గంటను ఇంటిల్లిపాదీ ఒకే పని మీద వెచ్చించండి. 'బిస్మిల్లాహ్' అని ప్రారంభించండి. మగపిల్లలను బయట ఆడుకోమని పంపకండి, చేటను వారి చేతికివ్వండి. ఉండ విరిగినా నవ్వుతూ తినండి. ప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారానికీ వంక పెట్టలేదు కదా!

మన ఉపాధిలో ధర్మసమ్మతాన్నీ, మన పళ్ళెంలో మితాన్నీ, మన ఇళ్ళలో ఒకరి భారాన్ని మరొకరు పంచుకునే మనసునూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.