రెండు మడమలు (మా వీధి కబుర్లు – 19)

ఈ వారం రాజకీయాలు వద్దు, నా కాలి నొప్పి గురించి రాద్దామని కూర్చున్నాను. రాస్తూ పోతే అది మళ్లీ రాజకీయం దగ్గరికే వచ్చి ఆగింది. ఏం చేస్తాం, మన బతుకుల్లో మడమ కూడా రాజకీయమే.

మూడు నెలల కిందటి మాట. తెల్లవారుజామున ఐదున్నర అయివుంటుంది. రుషికొండ బీచ్ రోడ్డు మీద పరుగెడుతున్నాను. సముద్రం మీద ఇంకా ఎరుపు రాలేదు. వీధి దీపాల కింద మెరిసే జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు నలుగురు రోడ్డు ఊడుస్తున్నారు. వాళ్లలో ఒకావిడ మా అమ్మ.

అమ్మ బీటు అక్కడే. నేను ఈత కోసం, పరుగు కోసం అక్కడికి వెళ్తాను. ఒకే రోడ్డు, ఒకే టైము. ఆవిడది పని, నాది సాధన. నేను దాటిపోతుంటే చీపురు ఆపి అరిచింది.

"ఏటిరా, ఆ కాలు ఈడుత్తన్నావు?"

"ఏటీ నేదమ్మా" అనేసి ఆగకుండా పోయాను.

అబద్ధం. అప్పటికే ఐదు వారాలుగా కుడి మడమ వెనక నొప్పి. పొద్దున్న మంచం దిగి మొదటి పది అడుగులు వేసేసరికి ప్రాణం పోయేది. గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లేవాణ్ణి. రెండు కిలోమీటర్లు పరుగెత్తాక ఒళ్లు వేడెక్కి నొప్పి మాయమయ్యేది. అదే నన్ను మోసం చేసింది. మాయమైంది కదా, పోయింది అనుకునేవాణ్ణి. సాయంత్రానికి వడ్డీతో సహా తిరిగొచ్చేది.

సంగతి తెలియని వాళ్ల కోసం చెప్తాను. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ ఆగకుండా ఒకదాని వెనక ఒకటి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్‌లో కూడా ఉంది. అక్కడ 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. నేను గురి పెట్టుకున్నది గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3. అక్కడ ఈత 1.9, సైకిలు 90, పరుగు 21.1. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3. ఆ అంకె అక్కణ్ణించే వచ్చింది.

మాది రెల్లి వీధి. విశాఖలో చీపురు ఎవరి చేతికి ఇచ్చారో మీకు నేను చెప్పక్కర్లేదు. మా నాన్న మాత్రం చీపురు పట్టనని అరటిపళ్ల తోపుడు బండి పెట్టుకున్నాడు. ఈ ఊళ్లో రోడ్లన్నీ ఎత్తుపల్లాలే. ఎండలో ఆ బండిని ఎత్తు మీదికి తోసేటప్పుడు ఆయన పిక్కలు తాళ్లలా బిగుసుకోవడం నాకింకా గుర్తు. రాత్రి అమ్మ ఆవనూనె కాచి రాసేది. ఆయన ఏనాడూ నొప్పి అనలేదు. చచ్చిపోయేదాకా అనలేదు.

ఇక ఈత. మా అమ్మమ్మ ఊళ్లో మనవాళ్లకు చెరువులో వేరే రేవు. బావి దగ్గర అయితే దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకోవడమే. దిగి ఈదడం అనే మాట ఎక్కడిది? మా ఇంట్లో మూడు తరాల్లో ఒక్కరికీ ఈత రాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. 1985 జులైలో కారంచేడు గొడవ మొదలైంది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే, మున్నంగి సువార్త బిందె ఎత్తింది కూడా అక్కడే. ఇవన్నీ మీటింగుల్లో పదిసార్లు చెప్పినవాణ్ణి, నాకే నీళ్లంటే భయం. ముప్ఫై నాలుగో ఏట ఈతకొలనులో చిన్నపిల్లల పక్కన నిలబడి నేర్చుకున్నాను. తర్వాత ఒక జాలరి తమ్ముడు రుషికొండ దగ్గర సముద్రంలోకి తీసుకెళ్లాడు. అక్కడ నీరు చూడటానికి నెమ్మదిగా ఉంటుంది గానీ లోపలికి లాగే పాయలు ఉంటాయి. ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దన్నాడు. దిగలేదు.

అందుకే గోవా అన్నప్పుడు మా వాళ్లు పొంగిపోయారు. ఎంట్రీ ఫీజు, ప్రయాణం కలిపితే నా వల్ల అయ్యే ఖర్చు కాదు. మిత్రులు చందాలు వేశారు. ఆటో నడిపే అన్న ఐదువందలు ఇచ్చాడు. సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లలు గోడ మీద నా బొమ్మ గీసి కింద 113 అని రాశారు. ఇప్పుడు చెప్పండి, మడమ నొప్పి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

చెప్పలేదు. మూడు వారాల్లో వారానికి ఇరవై కిలోమీటర్ల పరుగును నలభై అయిదు చేశాను. ఇసుకలో చెప్పుల్లేకుండా కూడా పరుగెత్తాను. నొప్పి వస్తే పళ్లు బిగించాను. 'మనం నొప్పికి భయపడే జాతి కాదు' అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. ఈ ఆటలో నొప్పి ఓర్చినవాడే మొనగాడు. మన ఇళ్లలోనూ అంతే కదా, నొప్పి మింగినవాడే మగాడు. రెండూ కలిసి నా మడమ మీద పడ్డాయి.

ఒకరోజు మెట్లు దిగలేకపోయాను. వీధి చివర డాక్టరు ఇంజక్షన్ పొడుస్తా, రేపే పరుగెత్తొచ్చు అన్నాడు. అదృష్టం కొద్దీ ఆ రోజు నా జేబులో డబ్బుల్లేవు. తర్వాత ఒక ఫిజియో అమ్మాయి దగ్గరికి వెళితే చెప్పింది: అక్కడ స్టెరాయిడ్ పొడిస్తే నొప్పి తగ్గినా తగ్గొచ్చు గానీ, లోపల బలహీనపడి తెగే ప్రమాదం ఉందట.

ఆ అమ్మాయి బొమ్మ గీసి వివరంగా చెప్పింది. మనం మడమ నరం అంటాం గానీ అది నరం కాదు. పిక్క కండను మడమ ఎముకకు కట్టిన మోకులాంటి పట్టీ. అకిలీస్ టెండన్ అంటారు. పరుగెత్తే ప్రతి అడుగుకీ దాని మీద ఒంటి బరువుకు ఆరేడు రెట్లు భారం పడుతుంది. దానికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి కండలాగా వారంలో కోలుకోదు. బరువు మెల్లగా పెంచితే అదీ గట్టిపడుతుంది. ఒక్కసారిగా పెంచితే లోపల పోగులు చెదిరిపోతాయి. పూర్తిగా మంచమెక్కితే ఇంకా మెత్తబడుతుంది. అంటే దానికి కావాల్సింది మంచమూ కాదు, మొండితనమూ కాదు. దాని లెక్క ప్రకారం పని, దాని లెక్క ప్రకారం విశ్రాంతి.

వైద్యం ఏమిటంటే, మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి, మడమలను మెల్లగా మెట్టు కిందికి దించడం. పైకి లేవడానికి బాగున్న కాలు వాడాలి, దించడానికి నొప్పి కాలు. మోకాలు చాచి 15 చొప్పున మూడుసార్లు, మోకాలు వంచి మూడుసార్లు. పొద్దున, సాయంత్రం. లెక్కేస్తే రోజుకి 180. పన్నెండు వారాలు.

దీని వెనక కథ నాకు భలే నచ్చింది. స్వీడన్‌లో హోకన్ అల్ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టరు. ఆయనకే మడమ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చెయ్యమని పై డాక్టరును అడిగితే, నువ్వు వారాల తరబడి సెలవు పెడితే పనెవరు చేస్తారని ఒప్పుకోలేదట. సరే, తెగిపోతే అప్పుడు చెయ్యక ఏం చేస్తారని, కావాలనే రోజూ మడమను కిందికి దించుతూ దాన్ని చెడగొట్టబోయాడట. చెడిపోవడం మాట దేవుడెరుగు, నయమైపోయింది. తర్వాత పదిహేను మంది మీద పన్నెండు వారాలు చేయించి 1998లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. స్వీడన్ డాక్టరుకే సెలవు దొరకలేదంటే చూడండి!

మా ఇంట్లో మెట్లు లేవు. గడపే కాస్త ఎత్తు. దాని మీద నిలబడి మొదలుపెట్టాను.

"గడప మీద నిలబడకూడదురా, దరిద్రం" అంది అమ్మ.

"ఇంకేం దరిద్రం వస్తాదే కొత్తగా" అన్నాను. నవ్వింది. కాసేపు నా కాలికేసి చూసి, "ఆ నొప్పికి ఇలా సేత్తే తగ్గుద్దేటి?" అని అడిగింది.

"తగ్గుద్దంట. ఎందుకు?"

"నాకూ మడమ నొప్పే. పొద్దున్న నేల మీద కాలు పెట్టలేను."

"ఎన్నాళ్లనుంచి?"

లెక్కేసుకుంది. "మీ నానున్నప్పటి నుంచి."

మా నాన్న పోయి తొమ్మిదేళ్లు.

మిత్రులారా, నా మడమకు ఐదు వారాలు నొప్పి వస్తే నేను ఇంటర్నెట్ అంతా చదివాను. టెండన్ అంటే ఏమిటో, దానిలో పోగులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఒకే గదిలో పడుకునే మనిషి తొమ్మిదేళ్లుగా గోడ పట్టుకుని లేస్తోందని తెలియదు. ఆడవాళ్ల శ్రమ మీద నేను వ్యాసాలు రాశాను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"సెప్తే ఏటవుద్ది? మేస్త్రీ రోజు కోసేత్తాడు."

అంతే. మనవాళ్ల మొండి ఓర్పు వెనక ఉన్న రహస్యం ఆ ఒక్క మాటలో ఉంది. మేం నొప్పిని ఓర్చుకునే వీరులం కాదు. నొప్పి అని చెప్పుకునే సెలవు లేనివాళ్లం. దాన్నే తరతరాలుగా గొప్ప అనుకున్నాం. మా నాన్న మౌనాన్ని నేను ధైర్యం అనుకుని పరుగులోకి తెచ్చుకున్నాను. బాబాసాహెబ్‌కి ఈ తేడా తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు ఆయన ఓర్చుకోండి అని చెప్పలేదు. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో సెలవుల చట్టం 1945లో వచ్చింది. వారానికి 54 గంటల పని 1946లో 48కి తగ్గింది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ సెలవు చీపురు దాకా నడిచి రాలేదు.

రుషికొండకు 2020లో నీలి జెండా వచ్చింది. దేశంలో ఆ ఏడు ఒకేసారి ఎనిమిది బీచ్‌లకు ఇచ్చారు. శుభ్రత, నీటి నాణ్యత, భద్రత, ఇలా 33 షరతులు. ఆ జెండా కింద ఫోటోలు దిగేవాళ్లకు చెప్తున్నాను. ఆ రోడ్ల మీద తెల్లవారకముందే నడిచే మడమలు ఎలా ఉన్నాయో కూడా ఒక షరతు ఉండాలి.

అమ్మను ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను. ఆదివారం సాయంత్రం, రోజు కోత పడకుండా. అమ్మది నా నొప్పి కాదు, మడమ కింద అరికాలి పట్టీ వాపు. గంటల తరబడి గట్టి రోడ్డు మీద పల్చటి చెప్పులతో నిలబడితే వచ్చేది. వ్యాయామం చెప్పింది, తర్వాత అమ్మ చెప్పులు చేతిలోకి తీసుకుని వంచి చూసింది. అట్టముక్కలా వంగాయి. నూట యాభై రూపాయల చెప్పులు. నా పరుగు బూట్లు ఆరువేలు. అమ్మ నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇంట్లో నా పాత బూట్లు ఒక జత ఉన్నాయి. పరుగుకి పనికిరావని పక్కన పడేసినవి. ముందు గుడ్డముక్క కుక్కి అమ్మకి తొడిగాను. చీర కింద నారింజ రంగు బూట్లు. మొదటి రోజు తోటి ఆడవాళ్లు పడీ పడీ నవ్వారట. నాలుగో రోజు ఒకావిడ పక్కకి పిలిచి అడిగిందట, "మీ వోడికాడ ఇంకో జత ఉందేటి?"

ఇప్పుడు అసలు విషయం. పన్నెండు వారాల్లో ఎనిమిది అయ్యాయి. పొద్దుటి నొప్పి పదిలో ఏడు నుంచి రెండుకి దిగింది. నొప్పి పదిలో ఐదు దాటకూడదు, మర్నాటి పొద్దుటికి తగ్గిపోవాలి, అదే ఫిజియో పెట్టిన గీత. ఆ గీత దాటితే ఆ రోజు ఆపేస్తున్నాను. ఈత మానలేదు, ఈతలో మడమ మీద బరువు పడదు. సైకిలు సమతలం మీద, భీమిలి వైపు కొంతదూరం. పరుగు ఇప్పుడిప్పుడే, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. దీనితో గోవాలో 21 కిలోమీటర్లు పరుగెత్తడం కుదరదు.

కాబట్టి ఈ ఏడు గోవా వెళ్లడం లేదు. చందా వేసిన అందరికీ ఇదే నా మాట. డబ్బు కోశాధికారి దగ్గరే ఉంది, ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తాను. ఆటో అన్నకి ముందు చెప్పాను. "ఉంచరా, వచ్చే ఏడు ఎల్దువు గానీ" అన్నాడు. వద్దనుకుంటే, అమ్మ బీటులో పనిచేసే నలుగురికీ మంచి బూట్లు కొందామని నా ఆలోచన. మీరు ఒప్పుకుంటేనే. బూట్లు ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు, మనం కాదు. అది అడుగుతూ అర్జీ కూడా రాశాం, సంతకాలు మొదలయ్యాయి. అది వచ్చేదాకా మడమలు ఆగవు కదా.

ట్యూషన్ పిల్లలకి చెప్పడమే కష్టమైంది. ఓడిపోయారా సార్ అని అడిగాడు ఒకడు. లేదురా, నొప్పెట్టింది, ఆగాను అన్నాను. వాడికి అర్థం కాలేదు. కాసేపుండి, "మా అమ్మకి నడుం నొప్పి సార్" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఒకసారి అడగండి.

జై భీమ్. వచ్చే వారం కలుద్దాం.