ఏ వార్డమ్మా?

నేను బళ్ళో కౌన్సిలర్‌గా చేరానని చెప్పగానే మా పక్కింటి పిన్నిగారు మొహం విప్పార్చుకుని "ఏ వార్డమ్మా?" అన్నారు. మునిసిపాలిటీ కాదండీ, బడి అంటే ఆవిడ ఉత్సాహం సగానికి తగ్గింది. చిన్నపిల్లలతో మాట్లాడ్డమే నా పనని చెప్పేసరికి మిగతా సగమూ పోయింది. "దానికి జీతం కూడా ఇస్తారూ?" అన్నారు.

ఆవిణ్ణని ఏం లాభం? మొదట్లో నాకూ అదేమంత పెద్ద పనిలా తోచలేదు. ఇద్దర్ని పెంచినదాన్ని, ఆపైన డిప్లమా ఒకటి చేతిలో వుంది. బల్లకి ఇవతల నేను, అవతల పిల్లాడు. "ఎందుకలా చేశావు నాన్నా?" అని తియ్యగా అడిగేదాన్ని. ఎంత తియ్యగా అడిగినా "ఎందుకు" అనేది పోలీసు ప్రశ్నేనని తెలుసుకోడానికి నాకో టర్మంతా పట్టింది. పక్కవాణ్ణి ఎందుకు కొరికాడో ఆరేళ్ళవాడికి మాత్రం ఏం తెలుస్తుంది? "ఏమో" అంటాడు. లేదా మనకి నచ్చే జవాబేదో కల్పించి చెబుతాడు.

బల్ల తీయించేసి చాప వేశాను. మా అమ్మమ్మ నాటి వామనగుంటల పీట అటక మీంచి దింపి పట్టుకెళ్ళాను. రెండు వరసలు, ఏడేసి గుంటలు, డబ్బాడు చింతపిక్కలు. ఎదురెదురుగా కూచున్నా కళ్ళు గుంటల మీదే వుంటాయి. చేతికి పని దొరికితే పిల్లల నోరు దానంతటదే వదులవుతుంది. ఇదంతా నా సొంత తెలివేననుకుని మురిసిపోయాను గానీ, పిల్లవాడు ఆటలో ముందు నడవాలి, పెద్దవాళ్ళు వెనక నడవాలని వర్జీనియా ఆక్స్‌లైన్ అనే అమెరికా ఆవిడ 1947లోనే 'ప్లే థెరపీ' పుస్తకంలో రాసిపెట్టిందిట. 'రైలుబడి' చదివినవాళ్ళకి గుర్తుండే వుంటుంది. టోటోచాన్ బళ్ళో చేరడానికి వెళ్ళిన రోజున హెడ్మాస్టరు కొబయాషీగారు తల్లిని ఇంటికి పంపేసి, ఆ పిల్ల కబుర్లు నాలుగ్గంటలు విన్నారు. మాకున్నది నలభై నిమిషాల పీరియడు. అందులో పది నిమిషాలు చెప్పులు విప్పుకుని తొడుక్కోడానికే సరి!

ఒకసారి రెండో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. పదకొండయ్యేసరికి రోజూ కడుపునొప్పి. డాక్టరు ఏమీ లేదన్నాడు. టీచరు "నాటకం మేడమ్" అంది. నాటకమేం కాదు. చిన్నపిల్లల దిగులు తరచు కడుపులోకే దిగుతుంది. నొప్పి మాత్రం నిజం నొప్పే.

నాలుగు రోజులు ఉత్త ఆటే. అయిదో రోజు పిక్కలు పంచుతూ "నేను బళ్ళో వున్నప్పుడు అమ్మమ్మ ఊరెళ్ళిపోయింది" అంది.

"ఊఁ" అన్నాను.

"ఇంటికెళ్ళి చూస్తే మంచం ఖాళీ." ఇంకో గుంటలో పిక్క పడింది. "అమ్మ కూడా అలాగే వెళ్ళిపోతే?" వెంటనే నావైపు చూసి "అమ్మకి చెప్పకండి" అంది. తలూపాను.

ఏడుస్తుందని చెప్పకుండా వెళ్ళిందన్న మాట. మనందరం చేసే పనే. "అదిగో కాకి" అని చూపించి పెరటి గుమ్మంలోంచి జారుకోని తల్లి ఎవరు చెప్పండి? ఆ పూటకి ఏడుపు తప్పుతుంది. ఆ తర్వాత పిల్ల మాత్రం ఎవరెప్పుడు మాయమైపోతారోనని కాపలా కాస్తూ కూచుంటుంది.

ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి చెప్పేశాను. మంచి మనసుతోనే లెండి. ఆవిడా చెడ్డమనిషి కాదు, చిన్నతనం అనిపించింది పాపం. "ఇంట్లో మాటలు బళ్ళో చెబుతావుటే?" అందిట. మర్నాడు పిల్ల వచ్చి చాప మీద కూచుంది. పీట వంక చూడలేదు. "చెప్పనన్నారుగా" అని కూడా అనలేదు. అంటే బాగుండేది.

నేను తలూపకుండా వుండాల్సింది. అన్నీ దాస్తానని ఏ పిల్లకీ మాటివ్వడానికి మాకు వీల్లేదు. పసివాళ్ళ మీద లైంగికంగా ఎవరైనా చెయ్యి వేశారని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. దాస్తే నేరం. అమ్మమ్మ ఊరెళ్ళిన సంగతి అటువంటిది కాదుగా! "అమ్మకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, ఇద్దరం కలిసి చెబుదామా" అని ఆ పిల్లనే అడిగి వుండొచ్చు. నాకు తోచలేదు.

ఇప్పుడు పిక్కలు పంచకముందే చెప్పేస్తాను. "నిన్నెవరైనా కొట్టినా, ముట్టుకోకూడనట్టు ముట్టుకున్నా నేను దాచను, సాయం చేసే పెద్దవాళ్ళకి చెబుతాను. మిగతావి నిన్నడిగే చెబుతాను" అంటాను. ఆరేళ్ళవాళ్ళకి ఒక్కసారికే అర్థమవుతుంది. వాళ్ళ అమ్మానాన్నలకే నాలుగుసార్లు చెప్పాలి.

ఆ పిల్ల తల్లి మెల్లిగా మెత్తబడింది. బయటికెళ్తే చెప్పి వెళ్ళడం, ఎన్నింటికి వస్తుందో గడియారంలో ముల్లు చూపించడం మొదలుపెట్టింది. ఆదివారాలు అమ్మమ్మతో ఫోను. కడుపునొప్పి వారానికోసారికి దిగింది. పూర్తిగా పోయిందని కోతలు కొయ్యను.

దసరా సెలవులయ్యాక ఓ రోజు తనంతట తనే గుమ్మంలో నిలబడి "ఆ పీట వుందా?" అంది. చాప పరిచి, ముందుగా నా పాఠం అప్పజెప్పాను. శ్రద్ధగా విని, "ఇవాళ చెప్పడానికేం లేదు. ఆడదాం" అంది.

ఆడాం. బెల్లు కొట్టేసరికి నా వైపు గుంటలన్నీ ఖాళీ.